పాట మొదలైంది, కూర్చోండి

మన థియేటర్లలో పాట రాగానే సగం మంది ఫోన్లు తీస్తారు, మిగతా సగంలో కొందరు లేచి బయటికెళ్తారు. వాళ్ళని తప్పుపట్టలేం. చాలా ఏళ్ళుగా మన సినిమాల్లో పాట అంటే కథ కాసేపు ఆగే చోటు. హీరో హీరోయిన్ ఏ మంచుకొండల్లోనో నాలుగున్నర నిమిషాలు ఆడి పాడి తిరిగొచ్చేసరికి కథ మనం వదిలిన చోటే ఉంటుంది. పాప్‌కార్న్ తెచ్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

అదే అలవాటుతో పిల్లల్ని తీసుకుని యానిమేషన్ మ్యూజికల్‌కి వెళ్తే మాత్రం సినిమా చేజారిపోతుంది. అక్కడ మాటలన్నీ పాట దాకా దారి వేస్తాయి, తేలాల్సింది పాటలో తేలుతుంది. పాట ఎత్తుకున్నప్పుడు భయపడుతున్న పిల్ల, పాట ముగిసేసరికి ఇల్లు దాటి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలు మీరు కౌంటర్ దగ్గర క్యూలో ఉంటే, తిరిగొచ్చాక తెరమీద ఉన్నది ఎవరో, అక్కడ ఎందుకుందో అర్థం కాదు. పక్కనున్న పిల్లవాణ్ణి అడిగితే వాడు చెప్పలేడు, చెప్తూ కూర్చుంటే వాడికి తర్వాతి సీను పోతుంది.

ఈ రకం సినిమాల్లో పాటకి ఎంత బలం ఉంటుందో తెలియాలంటే అవి తయారయ్యే తీరు చూడాలి. 2013లో వచ్చిన ‘ఫ్రోజెన్’లో చేత్తో మంచు పుట్టించే రాణి ఎల్సాని మొదట విలన్‌గా అనుకున్నారు. క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు ఆమెకోసం ఒక పాట కట్టుకొచ్చారు. ఆ పాట విన్నాక ఆమెని చెడ్డదానిగా చూపించడం ఎవరికీ సాధ్యం కాలేదు. పాటని అలాగే ఉంచి, దానికి తగ్గట్టు కథ తిరగరాశారు. తెరమీద ఆ పాటని ఒక్కసారి శ్రద్ధగా చూడండి. చేతి తొడుగు తీసి గాలికి వదిలేస్తుంది, భుజాల మీది వస్త్రం విసిరేస్తుంది, మంచుతో మెట్లు కడుతుంది, ముడి విప్పి జడ ముందుకి వేసుకుంటుంది. రాత్రి చీకట్లో మొదలైన పాట సూర్యుడు పొడిచేసరికి ముగుస్తుంది. చివర్లో మన మొహం మీదే తలుపు వేసేస్తుంది. మాటల్లో చెప్పాలంటే నాలుగు సీన్లు కావాలి.

రెండో భాగం ఇంకా మంచి ఉదాహరణ. ‘ఫ్రోజెన్ 2’ 2019 నవంబర్ 22న మన దేశంలో తెలుగులో కూడా విడుదలైంది. చిన్నప్పటి ఎల్సాకి మహేశ్‌బాబు కూతురు సితార, పెద్ద ఎల్సాకి నిత్యామేనన్ గొంతునిచ్చారు. ఆ సినిమా మొదటి నిమిషాల్లో తల్లి ఇద్దరు కూతుళ్ళకీ జోలపాట పాడుతుంది. ఉత్తరాన ఒక నది ఉందనీ, జరిగినవన్నీ అది గుర్తుపెట్టుకుంటుందనీ, నీ ప్రశ్నలకి జవాబు దాని లోతుల్లో ఉందనీ, మరీ లోతుకి వెళ్తే మాత్రం మునిగిపోతావనీ ఆ పాట సారాంశం. పిల్లలకి నిద్రొచ్చే పాటలా మెత్తగా సాగిపోతుంది. కానీ రాబోయే కథంతా అందులోనే ఉంది. సినిమా చివరి మూడోవంతులో ఎల్సా ఆ నదిని వెతుక్కుంటూ వెళ్ళి పాడే పాటలో ఈ జోలపాట తిరిగొస్తుంది, తల్లి గొంతుతో సహా. ఆ తర్వాత ఆమె మరీ లోతుకి దిగుతుంది, జోలపాట హెచ్చరించినట్టే అవుతుంది. మొదట జోలపాట విన్న పిల్లలకి అక్కడ ఒళ్ళు జలదరిస్తుంది. వినని వాళ్ళకి అది పెద్ద చప్పుడుతో ఉన్న ఇంకో పాట, అంతే.

నదిని వెతుక్కుంటూ ఎల్సా పాడే ఆ పాట కూడా ఊరికే పుట్టలేదు. సినిమాలో ఎల్సాని దూరం నుంచి పిలిచే గొంతు ఎవరిదో నిర్మాణం చాలా దూరం వచ్చేదాకా తేలలేదు. పాటని మళ్ళీ మళ్ళీ మార్చుకుంటూ పోతే అది తల్లి గొంతు అని దొరికింది. అంటే కథలోని అసలు ముడి పాట దగ్గరే విడింది.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పేది: టికెట్ మీద వేసిన సమయానికి సీట్లో ఉండండి. ప్రకటనలూ ట్రైలర్లూ పావుగంట పడతాయి కదా అని లెక్కేసుకుని ఆలస్యంగా వచ్చేవాళ్ళకి మొట్టమొదట పోయేది ఇలాంటి జోలపాటే. పైగా ఐదేళ్ళలోపు పిల్లలకి ఆ పావుగంట అవసరం. దీపాలు సగం వెలుగులో ఉండగా హాల్లోకి వచ్చి, మెట్లు చూసి, సీటు మడత అలవాటు చేసుకుంటే, పూర్తి చీకటి పడ్డప్పుడు భయపడరు. చీకట్లో తడుముకుంటూ వచ్చిన పిల్లలు మొదటి పది నిమిషాలూ తెరని చూడరు, అమ్మ చున్నీనే పట్టుకుని ఉంటారు. తినేవీ తాగేవీ ముందే కొనేసి, బాత్రూమ్ పని కూడా ముందే చేయించండి. ఏసీ హాలు కాబట్టి పొడుగు చేతుల చొక్కా ఒకటి సంచిలో ఉంచుకోండి. చలేస్తే పిల్లలు చలి అని చెప్పరు, ఇంటికెళ్దాం అంటారు.

పాటలో కథ నడవడం మనకి పరాయి పద్ధతి అనుకోవడం పొరపాటు. యక్షగానం అదే. హరికథ అదే. బుర్రకథలో కథకుడు పాడుతూ కథ లాక్కెళ్తుంటే ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత లోకం సంగతులు ఎత్తుతాడు. ఈ సినిమాల్లో మంచుబొమ్మో, రెయిన్‌డీరో, వాగుడుకాయ పక్షో చేసేది ఆ హాస్యపు వంత పనే. 1963 నాటి ‘లవకుశ’లో ఇద్దరు పిల్లలు పాడుతుంటే జనం కదలకుండా విన్నారు. ఎందుకంటే ఆ పాటల్లోనే రాముడికి తన బిడ్డల సంగతి చేరుతోంది. ఘంటసాల సంగీతం, లీల, సుశీల గొంతులు, పాట పొడుగునా కథ. అలా చూసిన జనం మనవళ్ళం మనం. మధ్యలో డ్యూయెట్లు వచ్చి ఆ అలవాటు పోయింది. నేర్పిస్తే ఒక్క సినిమాతో మళ్ళీ వస్తుంది.

ఇక ఏ భాషలో చూడాలన్నది. పదేళ్ళు దాటి, ఇంగ్లీషు పాట విని అర్థం చేసుకునే పిల్లలైతే మూలంలోనే చూపించండి, పెదవుల కదలిక దానికోసమే గీసింది. అంతకన్నా చిన్నవాళ్ళకీ, వెంటవచ్చే అమ్మమ్మా తాతయ్యలకీ తెలుగే మేలు. మాట అర్థం కాకపోతే తర్వాతి మాటలో ఊహించుకోవచ్చు. పాటలో పదం ఒక్కసారే వచ్చి, వాద్యాల్లో కలిసి వెళ్ళిపోతుంది. ఏడేళ్ళ పిల్లవాడు సబ్‌టైటిల్ మొదటి మాట చదివేలోపు రెండో చరణం వచ్చేస్తుంది.

తెలుగు డబ్బింగ్ అంటే తేలిగ్గా తీసిపారేసేవాళ్ళు ఆ పాట రాయడంలో ఉన్న కష్టం ఒకసారి చూడాలి. అక్కడ గొంతు ముందు, బొమ్మ తర్వాత. గాయని పాడింది రికార్డు చేసుకుని, నోరు ఎంత తెరిచిందో, ఊపిరి ఎక్కడ పీల్చిందో చూసుకుని యానిమేటర్లు పాత్రని కదిలిస్తారు. తెలుగుకి వచ్చేసరికి బొమ్మ అయిపోయింది, బాణీ అయిపోయింది, వాద్యాలూ చప్పుళ్ళూ వేరే ట్రాకుగా సిద్ధంగా వస్తాయి. కవి చేతిలో మిగిలింది మాటలు మాత్రమే. తననాలకి, అంటే ముందే కట్టిన బాణీ కొలతకి, మాటలు రాయడం మన కవులకి వెన్నతో పెట్టిన విద్యే. కానీ ఇక్కడ తననాలతో పాటు ఒక మూతి కూడా ఉంటుంది, అది తెరమీద ముప్పై అడుగుల వెడల్పున కనపడుతుంది.

దగ్గరి షాట్‌లో పాత్ర పెదవులు కలిశాయంటే అక్కడ ప, బ, మ ఏదో ఒకటి పడాలి. పెదవులు విడిగా ఉన్నచోట అవి పడకూడదు. అవధానాల్లో నిరోష్ఠ్యంగా, అంటే పెదవులు కలిసే అక్షరాలు లేకుండా, పద్యం చెప్పమని అడుగుతారే, అదే కసరత్తు, ఒక్కో షాటుకీ మారుతూ ఉంటుంది. దూరపు షాట్లలో ఇదెవరూ గమనించరు కాబట్టి తెలివైన కవి తన కష్టమంతా దగ్గరి షాట్ల మీద పెడతాడు.

తర్వాత, సాగదీసే స్వరాలు. పాట తారస్థాయికి వెళ్ళి, పాత్ర చేతులు చాచి నోరంతా తెరిచిన చోట తెలుగు క్రియాపదం ‘ను’తోనో ‘డు’తోనో ముగిస్తే గాయనికి గొంతు బిగుస్తుంది, తెరమీది నోటికీ వినపడే శబ్దానికీ పొత్తు కుదరదు. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, కావడం ఇక్కడ మనకి వరం. ‘రా’, ‘పో’, ‘ఎవరో’, ‘ఎందాకా’ లాంటి మాటలు ఎంతసేపైనా నిలుస్తాయి. ఆ, ఏ, ఓలతో ముగిసే మాటని తెచ్చి అక్కడ కూర్చోబెట్టగలిగితే పాట సగం గెలిచినట్టే.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది హ్రస్వదీర్ఘాలు. ఇంగ్లీషులో అచ్చుని ఎంత సాగదీసినా మాట మాటే. తెలుగులో అలా కుదరదు. బాణీలో మొదటి అక్షరం మీద రెండు తాళాలు నిలవాలనుకోండి. అక్కడ ‘కల’ అని రాస్తే గాయని ‘కాల’ అని పాడాల్సి వస్తుంది. ఆరేళ్ళ పిల్లకి కల వినపడదు, కాలు వినపడుతుంది. అదే చోట ‘గాలి’, ‘దారి’, ‘రేపు’ పడితే సహజంగా ఒదిగిపోతాయి. డబ్బింగ్ పాట మాటలు అర్థం కావట్లేదని మనం అనుకునే చాలా సందర్భాల్లో తప్పు హాలు స్పీకర్లది కాదు, పొట్టి అక్షరం మీద పొడుగు స్వరం పడటమే. ఇంకోటి, మన క్రియ పొడుగు. ‘వెళ్ళలేకపోతున్నాను’ అంటే ఎనిమిది అక్షరాలు, బాణీలో చోటు మూడింటికే ఉంటుంది. కవి ‘నేను’ని వదిలేసి, భావాన్ని ప్రశ్నగా తిప్పి ‘వెళ్ళనా’ అంటాడు. అర్థం కాస్త పక్కకి జరిగినా పాట బతుకుతుంది, అది సరైన బేరం.

ఏ బేరానికీ లొంగకూడని చోటు ఒకటుంది. మొదటి పాటలోని మాట తర్వాతి పాటలో తిరిగొచ్చినప్పుడు అక్షరం మారకూడదు. జోలపాటలో ‘నది’ అని, గంట తర్వాత ‘వాహిని’ అంటే ఆ రెండిటినీ కలిపే దారం పిల్లల చేతిలోంచి జారిపోతుంది. ఆ వయసు పిల్లలకి పర్యాయపదాలు ఒకే వస్తువు కావు. ఈ కారణంగానే పిల్లల పాటల్లో బరువైన సమాసాలు వద్దంటాను. హిమం అనే మాట మంచిదే, మంచు అనేది ఇంటి మాట. ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సాని పిలిచే ఆ సుదూరపు గొంతుకి, నార్వే గాయని అరోరా పాడినదానికి, మాటలే లేవు. అనువాదం అక్కర్లేని ఆ నాలుగు స్వరాలు పిల్లలు హాలు దాటకముందే కూనిరాగం తీస్తారు. తెలుగు మాటలు కూడా అంత సులువుగా నోటికి రావాలి.

ఈ పనికి మనవాళ్ళు కొత్తవాళ్ళు కారు. శ్రీశ్రీ సినిమాల్లోకి వచ్చిందే 1950లో డబ్బింగ్ సినిమా ‘ఆహుతి’తో. రాజశ్రీ, వెన్నెలకంటి డబ్బింగ్ పాటలతో ఇంటింటికీ తెలిసినవాళ్ళు. ఎన్టీఆర్‌కి ఒకలా ఏఎన్నార్‌కి ఒకలా పాడిన ఘంటసాల, ఏ నటుడి గొంతునైనా తన గొంతులోకి తెచ్చుకున్న బాలసుబ్రహ్మణ్యం ఉన్న సినీరంగం మనది. మాట్లాడే గొంతుకీ పాడే గొంతుకీ మధ్య అతుకు కనపడకుండా చేయడం ఎలాగో మనకి ఒకరు నేర్పాల్సిన పని లేదు. యానిమేషన్ పాటలకి కూడా అంతే పేరున్న కవినీ, అంతే సమయాన్నీ ఇవ్వాలన్నది నా వాదన. పోస్టర్ మీద స్టార్ గొంతు పేరు పెద్దక్షరాల్లో వేస్తున్నారు, పాట రాసినవాళ్ళ పేరు కూడా వేయండి.

మాటలు బాగున్నా వినపడకపోతే దండగ. సినిమా హాల్లో గొంతు దాదాపుగా తెర వెనక మధ్యలో ఉన్న స్పీకర్ నుంచే వస్తుంది. తెరకి సన్నటి రంధ్రాలుండేది అందుకే. ఎడమ కుడి స్పీకర్లలో ఎక్కువగా వాద్యాలుంటాయి. ముందు వరసలో ఒక పక్కకి కూర్చుంటే వయొలిన్లు చెవి పక్కనే మోగుతూ గొంతుని మింగేస్తాయి. తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర, మధ్య సీట్లు తీసుకోండి. హాలు ధ్వనిని సరిచేసేటప్పుడు మైకులు పెట్టేది సుమారుగా అక్కడే. మరీ చిన్నపిల్లలుంటే అదే వరసలో నడవ పక్క సీటు నయం, మధ్యలో లేవాల్సి వచ్చినా నలుగురి మోకాళ్ళు దాటక్కర్లేదు.

హాల్లో చప్పుడు పెంచి తగ్గించే డాల్బీ ప్రాసెసర్ మీద 7 అనే అంకె దగ్గర పెడితే సినిమా ధ్వని కలిపినవాళ్ళు విన్న స్థాయిలో వినపడుతుంది, తెర వెనకున్న ఒక్కో స్పీకర్‌నీ 85 డెసిబెళ్ళకి సరిచేసేది ఆ అంకె దగ్గరే. కానీ చాలా హాళ్ళలో అది 5కో అంతకన్నా కిందకో దిగిపోతుంది. ప్రకటనలూ ట్రైలర్లూ మరీ గట్టిగా ఉంటాయి, జనం గొడవ చేస్తారు, ఆపరేటర్ తగ్గిస్తాడు, సినిమా మొదలయ్యాక మళ్ళీ పెంచడం మరిచిపోతాడు. గుసగుసగా మొదలయ్యే పాటలో మొదటి రెండు లైన్లు అలా పోతాయి. మాట మధ్యలోంచి రాకుండా ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటే మధ్య స్పీకర్‌లో లోపముందని అనుమానించాలి. ఏదైనా సరే, మొదటి పది నిమిషాల్లోనే బయటున్న స్టాఫ్‌కి చెప్పండి. సినిమా అయ్యాక చెప్తే మీకు ఉపయోగం లేదు. నాలుగేళ్ళలోపు పిల్లలకైతే చప్పుడు తగ్గించే ఇయర్‌మఫ్‌లు వెంట తీసుకెళ్ళండి, ట్రైలర్లప్పుడు పెట్టి జోలపాటకి తీసేయండి.

త్రీడీ గురించి నా మాట సూటిగా: పిల్లలకి వద్దు. సాదా ప్రొజెక్షన్‌లో తెర వెలుగుకి 14 ఫుట్‌లాంబర్ట్‌లు ప్రమాణం. త్రీడీ అద్దాల్లోంచి అది మూడోవంతుకి పడిపోవడం మామూలే. పెద్దల కొలతకి చేసిన అద్దాలు పిల్లల ముక్కు మీద నిలవవు. ఒక చెయ్యి అద్దాలకీ ఒక చెయ్యి పాప్‌కార్న్‌కీ పోతే పాటకేం మిగలదు? ‘ఫ్రోజెన్ 2’లో ఎల్సా రాత్రిపూట నల్లటి సముద్రంలో, నీటితోనే ఏర్పడిన గుర్రంతో తలపడే ఘట్టం ఉంది. మాటలు దాదాపు లేవు, అంతా నీటి కదలికే. వెలుగు తగ్గితే నల్లటి అలలూ నల్లటి ఆకాశమూ కలిసిపోయి బూడిదరంగు గుడ్డలా కనపడతాయి.

ఇంటర్వెల్ మన దగ్గర తప్పని చిక్కు. ‘ఫ్రోజెన్ 2’ నిడివి 103 నిమిషాలు, విరామం లేకుండా చూడటానికి కట్టిన సినిమా. ఇక్కడ సర్వర్‌లోని ప్లేలిస్టులో సుమారు సగం దగ్గర విరామం గుర్తు పెడతారు. నిమిషాలు చూసి పెడితే అది పాట నడుమ పడొచ్చు, లేదా పాట అయిన మరుక్షణం, పిల్లలు ఊపిరి బిగబట్టి ఉన్నచోట పడొచ్చు. పాటకి ముందు వచ్చే మాటల సీనుకి ముందు పెట్టడం సరైన పద్ధతి, అప్పుడు తిరిగొచ్చిన జనం ఆ మాటలతో కుదురుకుని పాటలోకి వెళ్తారు. పంపిణీదారులు ఆ సమయాన్ని సెకన్లతో సహా రాసి థియేటర్లకి పంపాలి, థియేటర్లు దాన్ని పాటించాలి. ఒక మనిషి ఒక పూట కూర్చుని సినిమా చూసి చేసే పని ఇది.

సినిమా చివరి భాగంలో ఎల్సా చెల్లెలు ఆనా గుహలో ఒంటరిగా మిగిలి పాడే పాట దగ్గర పిల్లలు కంగారుపడతారు. మంచుబొమ్మ ఓలాఫ్ అప్పుడే ఆమె చేతుల్లో మంచురేణువులుగా విడిపోయి గాలిలో కలిసిపోయి ఉంటాడు. పాట ఏడుపు గొంతుతో, పాటా మాటా తెలియకుండా మొదలవుతుంది. ఒక అడుగు, ఇంకో అడుగు, చేయగలిగిన తర్వాతి పని ఒక్కటే అనుకుంటూ ఆమె లేచి నడుస్తుంది. ‘చచ్చిపోయాడా?’ అని మీ పక్కనుంచి వినపడుతుంది. అక్కడ కథ విప్పి చెప్పకండి, ‘ఏం కాదులే’ అని కొట్టిపారేయకండి. చెయ్యి పట్టుకుని ‘చూద్దాం’ అనండి చాలు. వాడి ప్రశ్నకి జవాబు ఆ పాటే చెప్తోంది. ఆమె గుహ దాటేసరికి వాడు మళ్ళీ తెరని చూస్తుంటాడు.

వెళ్ళేముందు పాటలు వినిపించాలా అని చాలామంది అడుగుతారు. వినిపించండి, ఒకటో రెండో, అదీ ఆడియో మాత్రమే. ఫోన్‌లో వీడియో చూపిస్తే ఆ దృశ్యం మొదటిసారి అరచేతంత తెరలో చూసేసినట్టవుతుంది. విన్న పాట హాల్లో వస్తే పిల్లలు గొంతు కలుపుతారు, కలపనివ్వండి. 2014 జనవరి 31న అమెరికాలో ‘ఫ్రోజెన్’ని ప్రేక్షకులు కూడా పాడేలా మళ్ళీ విడుదల చేశారు, తెరమీద పాట మాటలు వేసి, వాటిమీద మంచుపువ్వు గెంతుతూ ఏ మాట పాడాలో చూపించేలా. మన దగ్గర తెలుగు అక్షరాలతో అలాంటి షో వారానికొకటి, ఆదివారం పొద్దున, ఎందుకు వేయకూడదు? రెండో తరగతి పిల్ల తెలుగు చదవడానికి దానికన్నా మంచి కారణం ఏముంటుంది? ఒకప్పుడు థియేటర్ గేటు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు, పల్చటి కాగితం, నాలుగు మడతలు, పైన సినిమా బొమ్మ. జనం అవి కొనుక్కుని ఇంట్లో పాడుకున్నారు. ఈ సినిమాల పాటలకి అలాంటి పుస్తకం మళ్ళీ వేస్తే పాప్‌కార్న్ డబ్బా ధరలో పదోవంతు కూడా కాదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మన పిల్లలకి థియేటర్లో తెలుగు డబ్బింగ్ దొరకడం కష్టం. వాళ్ళు హాల్లో ఇంగ్లీషులో చూశాక, ఓటీటీలో తెలుగు ఆడియో ఉంటే ఒక్క పాటకి పెట్టి చూపించండి. బాణీ ముందే తెలుసు కాబట్టి మాటలు వెంటనే పట్టేస్తారు.

చివరి టైటిళ్ళు మొదలవగానే లేవకండి. ఆ సినిమాలోని పాటల్నే అక్కడ వేరే గాయకులు మళ్ళీ పాడతారు, మామూలుగా పిల్లలు సీట్ల మధ్య గెంతేది అప్పుడే. ‘ఫ్రోజెన్ 2’లో పేర్లన్నీ అయిపోయాక ఓలాఫ్ తిరిగొచ్చి, జరిగిన కథంతా మంచు భూతానికి ఒక్క గుక్కలో చెప్తాడు. హాలు ఊడ్చేవాళ్ళు ఆపాటికి దీపాలు వేసేసి ఉంటారు, తెర పాలిపోయి ఉంటుంది. ఇంకా ఒక సీను ఉందండీ, రెండు నిమిషాలు దీపాలు ఆపండి అని అడిగితే దాదాపు ఎప్పుడూ ఆపుతారు.